ఎన్నాళ్లుగా తినడం లేదు?

ఆస్పత్రిలో చేరిన మనిషికి బి12 ఎంతుందో అందరూ చూస్తున్నారు. మూడు వారాల్లో ఖాళీ అయ్యే బి1 సంగతి అడిగేవాళ్లు తక్కువ.

ఉదయం మెడికల్ వార్డులో రౌండ్స్ మొదలుపెట్టగానే రోగి పక్కనున్నవాళ్లు చేతిలో ఒక ఫైలు పెడతారు. ఈమధ్య ఆ ఫైల్లో బయటి ల్యాబ్‌లో చేయించిన 'ఫుల్ బాడీ ప్యాకేజీ' కాగితం ఉండని రోజు లేదు. అందులో బి12 అంకె పక్కన 'తక్కువ' అని బాణం గుర్తు ఉంటుంది. "డాక్టరు గారూ, బి12 పడిపోయిందట. మనిషి ఇలా అయిపోవడానికి అదేనా కారణం?" అని అడుగుతారు. కొందరి విషయంలో అవుననే చెప్పాలి. కానీ మంచం మీదున్న ఆ మనిషి పదిహేను రోజులుగా సరిగా తినలేదంటే, ఆ గంటలో నేను ఆలోచించాల్సిన విటమిన్ వేరే ఉంది. ఆ ప్యాకేజీలో దానికి గడే ఉండదు.

దాని పేరు బి1. థయమిన్ అంటాం. మన దగ్గర చాలా ఊళ్లలో దాన్ని కొలిచే పరీక్ష దొరకదు. పరీక్ష లేదు కాబట్టి కాగితం మీద తక్కువని రాదు. కాగితం మీద రాదు కాబట్టి ఇంట్లోవాళ్లు అడగరు. నిజం చెప్పాలంటే, డాక్టర్లం మేమూ చాలాసార్లు మరిచిపోతాం.

కొన్నేళ్ల కిందట మా వార్డుకు ఒక గర్భిణి వచ్చింది. ఇరవైల్లో ఉంటుంది, మూడో నెల. వేవిళ్లే కదా అనుకున్నారు, కానీ మంచినీళ్లు కూడా కడుపులో నిలవని వాంతులు. ఊళ్లో ఒకచోట రోజుకు రెండు మూడు గ్లూకోజు సీసాలు ఎక్కించారు. పదిహేనో రోజో, పదహారో రోజో మనిషి రెండుగా కనిపిస్తున్నారంది. మర్నాడు బాత్‌రూమ్‌కి నడుస్తూ తూలి పడింది. ఆ తర్వాత పొంతన లేని మాటలు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. స్కాన్ తీయించారు, మెదడులో గడ్డ లేదన్నారు. మా దగ్గరికి వచ్చేసరికి కళ్లు పక్కలకు తిరగడం లేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పీజీ అమ్మాయి తల్లిని ఒక్క ప్రశ్న అడిగింది. "అమ్మా, కడుపు నిండా అన్నం తిని ఎన్ని రోజులైంది?" ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టి, పద్దెనిమిది అంది.

థయమిన్ ఇంజెక్షన్ నరానికి ఇచ్చాం, పెద్ద మోతాదులో, రోజుకు మూడుసార్లు. రెండో రోజుకు కళ్లు కదలడం మొదలైంది. నడక కుదుటపడటానికి నెలలు పట్టింది. గర్భం నిలవలేదు. జ్ఞాపకం పూర్తిగా తిరిగి రాలేదు. పొయ్యి మీద కూర పెట్టి మరిచిపోతుందని ఆమెను ఇప్పటికీ ఇంట్లో ఒంటరిగా వదలరు. ఆ ఇంజెక్షన్ ఖరీదు ఆమెకు ఎక్కించిన ఒక్కో గ్లూకోజు సీసాను మించదు.

ఫిక్స్‌డ్ డిపాజిట్, రోజుకూలి

బి విటమిన్లన్నీ ఒకటే అనుకుంటాం. బి కాంప్లెక్స్ మాత్ర ఒకటి కాబట్టి అలా అనిపించడం సహజం. నిల్వ విషయంలో మాత్రం వీటికి పొంతనే లేదు. బి12 మనకు రోజుకు రెండు మైక్రోగ్రాములు చాలు. కాలేయంలో దాచుకున్నది కొన్ని మిల్లీగ్రాములు, అంటే తినడం మానేసినా ఏళ్ల తరబడి నడుస్తుంది. అది బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది. ఫాలిక్ యాసిడ్ మూడు నాలుగు నెలలు వస్తుంది. బి1 అలా కాదు. ఒళ్లంతా కలిపి ఉండేది 25 నుంచి 30 మిల్లీగ్రాములు. రోజువారీ ఖర్చు ఒకటిన్నర మిల్లీగ్రాములకు అటూ ఇటూ. కూలికి వెళితేనే ఆ పూట గడిచే ఇల్లు అది. రెండు మూడు వారాల్లో అడుగంటుతుంది. జ్వరం ఉన్నా, ముందునుంచే తిండి అంతంతమాత్రంగా ఉన్నా ఇంకా త్వరగా.

ఇక్కడ గ్లూకోజు సంగతి చెప్పాలి. మనం తిన్న పిండిపదార్థాన్ని శక్తిగా మార్చే దారిలో ఒక గేటు ఉంది. ఆ గేటు తెరవాలంటే బి1 కావాలి. అది లేకపోతే గ్లూకోజు దారిమధ్యలో ఆగి లాక్టిక్ ఆమ్లంగా మారి రక్తంలో పేరుకుంటుంది. గ్లూకోజు మీదే ఆధారపడి బతికే మెదడు ముందు దెబ్బతింటుంది, గుండె కూడా అంతే. అప్పటికే బి1 అడుగంటిన మనిషికి సీసాల కొద్దీ గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన ఆ కాస్తా కూడా ఖర్చయిపోతుంది. బలం కోసం పెట్టిన సీసా మనిషిని తూలేలా చేసేది ఇలాగే. అయితే ఒక జాగ్రత్త. షుగర్ పడిపోయి స్పృహ తప్పినవాళ్లకు గ్లూకోజు ఆ క్షణంలోనే ఇవ్వాలి. బి1 కోసం దాన్ని ఆపకూడదు, వెంటనే దాంతోపాటే ఇవ్వాలి.

మెదడుకు వచ్చే ఈ జబ్బును 1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికీ వర్ణించాడు. ఆయన పేరే దానికి ఉండిపోయింది. మా వైద్య విద్యార్థులను అడిగితే వెర్నికీ అనగానే మద్యం అంటారు. ఆయన రాసిన మొదటి ముగ్గురు రోగుల్లో ఇద్దరు మద్యానికి అలవాటుపడ్డ మగవాళ్లే. మూడో మనిషి కుట్టుపని చేసుకునే ఇరవయ్యేళ్ల అమ్మాయి. గంధకామ్లం తాగి, జీర్ణాశయం దెబ్బతిని, ఆగని వాంతులతో వచ్చింది. మద్యంతో సంబంధం లేదు. ఆ అమ్మాయిని పాఠ్యపుస్తకాలు మరిచిపోయాయి కాబట్టే మా గర్భిణి దగ్గర రెండు వారాలు ఎవరికీ తట్టలేదని నా అనుమానం. తాగని ఆడపిల్లకు 'తాగుబోతుల జబ్బు' వస్తుందని ఎవరు ఊహిస్తారు?

ఈ జబ్బుకు మూడు గుర్తులు చెబుతారు. కళ్ల కదలికలో తేడా, నడకలో తూలు, అయోమయం. ఆస్ట్రేలియాలో పోస్ట్‌మార్టంలో వెర్నికీ బయటపడ్డ 131 మంది పాత కేస్‌షీట్లు తిరగేసి 1986లో ఒక పరిశోధన అచ్చయింది. మూడు గుర్తులూ కలిసి కనిపించింది 16 శాతం మందిలోనే. బతికుండగా జబ్బు కనిపెట్టింది 20 శాతం మందిలో. మిగతావాళ్ల విషయంలో చనిపోయాకే తెలిసింది. కాబట్టి మూడూ కనిపించేదాకా ఆగడం కుదరదు. తినని రోజుల లెక్క ఉండి, పైవాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంజెక్షన్ ఇచ్చేయడమే మేలు. ఇచ్చాక అవసరం లేదని తేలినా పోయేదేమీ లేదు. ఎలర్జీ చాలా అరుదు, అయినా ఇది ఆస్పత్రిలోనే ఇవ్వాల్సిన మందు.

పసుపు సీసా మీద నమ్మకం

మన జిల్లాల్లో నీరసం అనే మాటకు వైద్యం సెలైన్. "ఒక సీసా పెట్టించండి డాక్టరు గారూ, లేచి కూర్చుంటాడు" అంటారు. దాంట్లో బి కాంప్లెక్స్ కలిపి సీసా పసుపు రంగుకు తిరిగితే ఇంకా తృప్తి. ఆ పసుపు రంగు బి2ది. అంత ముదురు రంగు వచ్చింది కాబట్టి అంత బలం ఉందనుకోవద్దు. మామూలు సెలైన్ అంటే ఉప్పునీళ్లు, కేలరీలు సున్నా. అయిదు శాతం గ్లూకోజు సీసా అర లీటరుది తీసుకుంటే అందులో 25 గ్రాముల చక్కెర, అంటే అయిదు చెంచాలు. వంద కేలరీలకు లోపే. రెండు ఇడ్లీలు తిన్నంత. రోజంతా మూడు సీసాలెక్కినా ఒక పూట భోజనం కాదు. నీళ్లు తగ్గినవాళ్లకు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. తిండికి బదులు మాత్రం కాదు. "సెలైన్ ఎక్కుతోందిగా, తినకపోయినా ఫర్వాలేదులే" అనే మాట మా వార్డులో రోజూ వింటాను. నాకు అన్నిటికన్నా భయం వేసే మాట అదే.

దీనికి తోడు 'లంఖణం పరమౌషధం' అనే అలవాటు మనకుంది. జ్వరమొస్తే లంఖణం. కామెర్లొస్తే వారాలపాటు పథ్యం, మజ్జిగన్నం తప్ప ఏమీ పెట్టరు. బాలింతకు తెల్లన్నం, వెల్లుల్లి కారం, పప్పు వద్దు, కూర వద్దు. ఒక పూట లంఖణంతో ఎవరికీ ఏమీ కాదు. మూడు వారాల పథ్యం వేరు. తల్లి తిండిలో బి1 లేకపోతే పాలల్లో ఉండదు. రెండు మూడు నెలల బిడ్డ గొంతు బొంగురుపోయి, ఆయాసపడుతూ గుండె నీరసించి వస్తుంది. కశ్మీర్‌లో ఇలాంటి పసిబిడ్డల గురించి అక్కడి వైద్యులు ఈ కాలంలోనే రాశారు. థయమిన్ ఇస్తే గంటల్లో తేరుకునే బిడ్డలు వాళ్లు. 2003లో ఇజ్రాయెల్‌లో బి1 కలపకుండా తయారైన సోయా పాలపొడి తాగిన పసివాళ్లలో కొందరు చనిపోయారు. పల్లెటూరి పథ్యమైనా, ఫ్యాక్టరీ డబ్బా అయినా శరీరానికి లెక్క ఒకటే.

సర్కారు జిల్లాల పాత కథ

ఇది మనకు కొత్త జబ్బేమీ కాదు. గంజాం నుంచి మచిలీపట్నం దాకా ఉన్న ఉత్తర సర్కారు జిల్లాలు ఒకప్పుడు బెరిబెరికి పేరుమోసినవి. బెరిబెరి అంటే బి1 లోపంతో కాళ్లు చచ్చుబడటం, ఒళ్లు వాచి గుండె ఆగిపోవడం. మద్రాసులో పనిచేసిన సైనిక వైద్యుడు మాల్కమ్సన్ 1835లోనే దీని మీద పుస్తకం రాశాడు. అప్పటికి విటమిన్ అనే మాటే పుట్టలేదు. వంద సంవత్సరాల తర్వాత కూనూరులో పనిచేసిన అక్రాయిడ్ బృందం కారణం తేల్చి చెప్పింది. మద్రాసు రాష్ట్రంలో మిగతా చోట్ల ఉప్పుడు బియ్యం తింటుంటే, సర్కారు జిల్లాల్లో మరపట్టిన పచ్చి బియ్యం తింటున్నారు. వడ్లను ఉడకబెట్టినప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత మరపట్టినా కొంత మిగులుతుంది. పచ్చి బియ్యానికి పాలిష్ పడితే తవుడుతో పాటే పోతుంది. మిగిలింది కడిగిన నీళ్లలో, వార్చిన గంజిలో పోతుంది.

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కూడా ఈ జబ్బు నుంచే పుట్టింది. 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో మెకారిసన్ మొదలుపెట్టిన 'బెరిబెరి ఎంక్వయిరీ యూనిట్' పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చింది. బెరిబెరి కోసం పుట్టిన సంస్థ ఉన్న రాష్ట్రాల్లో బెరిబెరి పేరే డాక్టర్లకు తట్టకపోవడం ఏమిటో!

తిండి మెరుగుపడింది, పప్పులు, గుడ్లు, గోధుమలు వచ్చాయి, ఊరంతటికీ వచ్చే బెరిబెరి పోయింది. కానీ బియ్యం మీద మన మోజు తగ్గలేదు. 2021, 2022ల్లో ఉప్పుడు బియ్యం కొనాలా వద్దా అని కేంద్రానికీ తెలంగాణ రాష్ట్రానికీ పెద్ద గొడవే జరిగింది. ఆ గొడవంతా గోదాములు, డబ్బుల గురించే. ఆ బియ్యంలో పోషకం ఎక్కువన్న మాట నా చెవిన పడలేదు. 2025 ఉగాదికి తెలంగాణ రేషన్‌లో సన్నబియ్యం వచ్చాయి. పేదవాడు కూడా సన్నన్నం తింటే తప్పేముంది? సన్నమా దొడ్డా అన్నది కాదు, పాలిష్ ఎంత పట్టారన్నదే లెక్క. రేషన్‌లో పోషకాలు కలిపిన బియ్యం పథకానికి పెట్టిన ప్రమాణాల్లో ఇనుము, ఫాలిక్ యాసిడ్, బి12 తప్పనిసరి. బి1 కలపడం మాత్రం ఐచ్ఛికం.

ఇప్పుడు ఎవరికి ముప్పు?

ఇల్లంతా బాగా తినే మధ్యతరగతి కుటుంబాల్లో దీని ముప్పు ఆస్పత్రి మంచం మీదే మొదలవుతుంది. ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి నోటికి ఏమీ ఇవ్వనివాళ్లు, కీమోథెరపీతో వాంతులయ్యేవాళ్లు, డయాలసిస్ మీదున్నవాళ్లు, గుండె జబ్బుకు ఫ్రూసమైడ్ లాంటి నీరు తీసే మాత్రలు ఏళ్లుగా వాడుతున్న పెద్దవాళ్లు. ఆ మాత్రలతో మూత్రంలో నీటితో పాటు బి1 కూడా పోతుంది. మద్యం అలవాటున్నవాళ్లు సరేసరి. ఒక్కోసారి ఆ అలవాటును ఇంట్లోవాళ్లు పరువు కోసం దాస్తారు. మాకు చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం మారుతుంది.

వీళ్లకు కొత్తగా ఒక గుంపు తోడైంది. బరువు తగ్గడానికి వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్లు. టిర్జెపటైడ్ 2025 మార్చిలో, బరువు కోసం వాడే సెమాగ్లూటైడ్ అదే ఏడాది జూన్‌లో మన మార్కెట్లోకి వచ్చాయి. అవసరమైనవాళ్లకు మంచి మందులే. ఆకలి చంపడమే వాటి పని. కొందరికి వాంతులు ఎక్కువవుతాయి. పెళ్లి ముహూర్తానికి ముందు పది కిలోలు తగ్గాలని డాక్టరు చెప్పకుండానే మోతాదు పెంచుకునేవాళ్లను చూస్తున్నాను. ఇలా వాంతులతో వెర్నికీ దాకా వెళ్లిన కేసులు వైద్య పత్రికల్లో కనిపిస్తున్నాయి. బరువు తగ్గే ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లకూ ఇదే మాట, ముఖ్యంగా మొదటి నెలల్లో వాంతులు ఆగకపోతే. కిలోలు తగ్గుతున్నాయని సంబరపడే ఆ వారాల్లోనే బి1 అడుగంటేది.

నేను తప్పు చేయలేదని చెప్పుకోను. పేగు ఆపరేషన్ అయిన డెబ్బయ్యేళ్ల పెద్దాయనను పన్నెండో రోజు చూడమని నన్ను పిలిచారు. రాత్రిళ్లు అరుస్తున్నాడు, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. వయసు మీద, సోడియం మీద, ఇన్ఫెక్షన్ మీద నెపం వేశాను. మూడు రోజుల తర్వాత కూతురు, "సార్, నాన్న ఆపరేషన్‌కు ముందు నెల రోజులు కూడా జావ తప్ప తాగలేదు" అంది. అప్పుడు ఇంజెక్షన్ రాశాను. కొంత తేరుకున్నాడు. ఆ మూడు రోజులు మాత్రం నా లెక్కలోనే ఉన్నాయి.

బి12ను తక్కువ చేసి చెప్పడం లేదు. దేశవ్యాప్తంగా 2016-18లో పిల్లల మీద చేసిన పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్లవాళ్లలో 31 శాతం మందికి బి12 లోపం ఉంది. శాకాహారులు, ఏళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, డాక్టరు చెప్పకుండానే రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్లు పరీక్ష చేయించుకోవాల్సిందే. మెట్‌ఫార్మిన్ మాత్రం సొంతంగా ఆపేయకండి. అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, నడకలో తేడా ఉంటే వాయిదా వేయకుండా బి12 మొదలుపెట్టాలి. రక్తం తక్కువుందని ఫాలిక్ యాసిడ్ ఒక్కటే మింగితే రక్తం సర్దుకుంటుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. మరోపక్క రెండు మూడు రకాల 'నరాల మాత్రలు' కలిపి నెలల తరబడి వేసుకుంటే అందులోని బి6 మోతాదు మించి, ఆ బి6 వల్లే తిమ్మిర్లు వస్తాయి. అయితే బి12 లోపం నెలల్లో, ఏళ్లలో ముదిరేది. ఆస్పత్రి మంచం మీద రోజుల్లో కొంప ముంచేది బి1.

బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాల ప్రకారం పది రోజులకు పైగా దాదాపు ఏమీ తినని రోగికి తిరిగి ఆహారం మొదలుపెట్టే ముందే థయమిన్ ఇవ్వాలి, తర్వాత పది రోజులు కొనసాగించాలి. మన దగ్గర బీపీ, షుగర్, ఆక్సిజన్ రాసే కేస్‌షీట్‌లో తిండికి ఒక గడి పెట్టడానికి ఖర్చేమీ కాదు. ఆ గడి లేని చోట ఆ పని మీరే చేయాలి. మీవాళ్లను చేర్పించినప్పుడు చివరిసారి కడుపు నిండా తిన్నది ఏ రోజో, రెండు మూడు నెలల్లో ఎంత బరువు తగ్గారో, ఏ మాత్రలు వాడుతున్నారో, మద్యం సంగతేమిటో ఒక కాగితం మీద రాసివ్వండి. వారం దాటితే, "థయమిన్ అవసరమంటారా?" అని అడగండి. ఏ డాక్టరూ దానికి నొచ్చుకోడు, నొచ్చుకున్నా ఫర్వాలేదు. డాక్టరు తినవచ్చని చెప్పిన క్షణం నుంచి మాత్రం సీసా వైపు చూడటం మాని, పప్పు కలిపిన మెత్తటి అన్నమో, గుడ్డో, పెసరకట్టో కొంచెం కొంచెంగా పెట్టడం మొదలుపెట్టండి.

పెద్దాయన సంగతి తర్వాత మా యూనిట్‌లో ఒక రబ్బరు స్టాంపు చేయించాం. 'సరిగా తిని ఎన్ని రోజులు?' అని, పక్కన ఒక ఖాళీ గడి. కొత్తగా వచ్చిన హౌస్‌సర్జన్లు మొదటి వారం దాన్ని ఖాళీగా వదిలేస్తుంటారు. మొన్న ఒక బామ్మ తన మనవడి కేస్‌షీట్ చూపించి, "ఇది నింపలేదు బాబూ, తొమ్మిది రోజులని రాయి" అని పెన్ను అందించింది.